న్యాయ సందేహాలు: పవర్ ఇచ్చామంటే ఏమి ఇచ్చినట్టు?

ఈ విడతలో వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున పనులు చేయడానికి ఒకరు మరొకరికి రాసి ఇచ్చే అధికార పత్రం) చుట్టూ తిరిగినవే కాబట్టి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయించాము. పవర్ ఆఫ్ అటార్నీల చట్టం పేరుతో 1882లో వచ్చిన చట్టం ఒకటి ఇప్పటికీ అమలులో ఉంది గాని, అది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సెక్షన్ల చిన్న చట్టం. ఒకరి తరఫున మరొకరు చేసిన పనికి ఎవరు కట్టుబడాలి, ఆ అధికారం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది అనే అసలు విషయాలన్నీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 10వ అధ్యాయంలో, 182 నుంచి 238 వరకు గల సెక్షన్లలో ఉన్నాయి. కింది జవాబుల్లో అధికారం ఇచ్చినవారిని యజమాని అనీ, పుచ్చుకున్నవారిని ఏజెంటు అనీ పిలుస్తున్నాము. ఉత్తరాలు రాసినవారి పేర్లు, ఆనవాళ్లు తీసివేశాము.

ప్రశ్న (జగిత్యాల): మా తమ్ముడు పదకొండేళ్లుగా దుబాయిలో పనిచేస్తున్నాడు. నాన్నగారి నుంచి మా ఇద్దరికీ వచ్చిన ఇంటిని అమ్మాలనుకుంటున్నాము. అక్కడి నుంచి పవర్ పంపితే చాలునని కొందరు, రిజిస్ట్రేషన్ రోజు తమ్ముడు రావలసిందేనని కొందరు అంటున్నారు. జనరల్ పవర్ రాయించాలా, స్పెషల్ పవర్ రాయించాలా?

జవాబు: ఆయన రానక్కర లేదు. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, యజమాని మన దేశంలో నివసిస్తూ ఉంటే తాను ఉండే ప్రాంతపు సబ్‌రిజిస్ట్రారు ఎదుట పవర్ రాసి ధ్రువీకరింపజేసుకోవాలి. విదేశంలో ఉంటే నోటరీ, కోర్టు, న్యాయమూర్తి, మేజిస్ట్రేటు లేదా భారత కాన్సుల్ ఎదుట రాయవచ్చు. దుబాయిలో ఉన్నవారికి అన్నిటికన్నా తేలికైన దారి భారత కాన్సులేట్. మీ తమ్ముడు పత్రాన్ని ఇంటి దగ్గర సంతకం చేసి తీసుకువెళ్లకూడదు. పాస్‌పోర్టు చూపించి, అధికారి ఎదుటే సంతకం చేయాలి. వాట్సాప్‌లో వచ్చిన నకలు ఎందుకూ పనికిరాదు. అసలు పత్రమే మీ చేతికి రావాలి.

ఆ పత్రం ఇక్కడికి చేరిన తరువాత చాలామంది మరచిపోయే పని ఒకటి ఉంది. దేశం బయట రాసిన పత్రానికి, అది భారతదేశంలో అందిన నాటి నుంచి మూడు నెలల లోపల స్టాంపు డ్యూటీ చెల్లించాలని 1899 నాటి స్టాంపు చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. మన రెండు రాష్ట్రాల్లోనూ దానిని జిల్లా రిజిస్ట్రారు దగ్గరకు తీసుకువెళ్లి డ్యూటీ కట్టి ముద్ర వేయించుకుంటారు. ఆఫీసు వాడుకలో దీనినే వ్యాలిడేషన్ అంటారు. పత్రం ఏ రోజున అందిందో చూపవలసి రావచ్చు కనుక కొరియర్ కవరును పారవేయకండి. ఇంకొక సంగతి, కుటుంబ సభ్యులకు ఇచ్చే పవర్‌కీ బయటివారికి ఇచ్చే పవర్‌కీ డ్యూటీ లెక్క వేరు. కాబట్టి మీరిద్దరూ అన్నదమ్ములన్న విషయం పత్రంలోనే రాయించండి.

జనరల్ పవరా, స్పెషల్ పవరా అంటే, ఒక్క ఇంటి అమ్మకానికి, ఆ ఒక్క పనికే అధికారం ఇచ్చే స్పెషల్ పవర్ చాలు. నా అభిప్రాయంలో అదే మంచిది కూడా. పదిహేను రకాల అధికారాలు పేర్చిన అచ్చు నమూనాల్లో అవసరం లేనివి పద్నాలుగు ఉంటాయి, అవసరమైనది ఒక్కోసారి జారిపోతుంది. పవర్ పత్రాన్ని అందులోని మాటల మేరకే అర్థం చేసుకోవాలనీ, అమ్మే అధికారం ఉందనాలంటే విక్రయ దస్తావేజు రాసి ఇచ్చే అధికారం స్పష్టంగా రాసి ఉండాలనీ సుప్రీంకోర్టు 2012లో చర్చ్ ఆఫ్ క్రైస్ట్ చారిటబుల్ ట్రస్టు కేసులో చెప్పింది. "ఇంటి వ్యవహారాలన్నీ చూసుకోవడానికి" అని రాస్తే అద్దె వసూలు చేయవచ్చునేమో గాని, అమ్మడం కుదరదు. ఇంటి నంబరు, హద్దులు, ఆయన వాటా ఎంత, ఎంతకు తగ్గకుండా అమ్మాలి, సొమ్ము ఎవరి ఖాతాలో పడాలి, దస్తావేజుపై సంతకం చేయడంతో పాటు దానిని సబ్‌రిజిస్ట్రారు ఎదుట దాఖలు చేసే అధికారం ఉందా అన్నవన్నీ పేరుపేరునా రాయించండి.

సంతకం చేయడం, దాఖలు చేయడం వేర్వేరు పనులని విడదీసి చెప్పడానికి కారణం ఉంది. యజమాని తాను సంతకం చేసిన దస్తావేజును ఏజెంటు చేత దాఖలు చేయిస్తే 33వ సెక్షన్ కోరిన ధ్రువీకరణ తప్పనిసరి. ఏజెంటే యజమాని తరఫున సంతకం చేసి తానే దాఖలు చేస్తే, ఆ దస్తావేజు రాసి ఇచ్చినది అతనే అవుతాడు గనుక ఆ సెక్షన్‌తో పనిలేదని సుప్రీంకోర్టు 2009లో రజని టాండన్ కేసులోనూ, 2022లో అమర్‌నాథ్ కేసులోనూ తేల్చింది. అయినా మీరు కాన్సులేట్ దారినే వెళ్లండి. కొనేవారు అడిగేదీ, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో చూసేదీ ఆ ముద్రనే. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే అమ్మగారికీ, అక్కచెల్లెళ్లకూ కూడా ఆ ఇంట్లో వాటా ఉంటుందన్నది మీ ఉత్తరంలో లేని విషయమే అయినా చెప్పక తప్పదు.

ప్రశ్న (నెల్లూరు): మా బావగారు తన స్థలం అమ్మిపెట్టమని నాకు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చారు. నాకు తీరిక లేదు కాబట్టి అదే అధికారాన్ని మా అబ్బాయికి రాసివ్వవచ్చా? లేదంటే ఆ స్థలాన్ని నా భార్య పేరున కొనేయవచ్చా?

జవాబు: రెండూ మీ అంతట మీరు చేయకూడని పనులే. మీరే చేస్తారని నమ్మి అప్పగించిన పనిని ఇంకొకరికి అప్పగించే హక్కు ఏజెంటుకు లేదన్నది కాంట్రాక్టు చట్టం 190వ సెక్షన్. జీపీఏలో ఆ అధికారం ప్రత్యేకంగా రాసి ఉంటే అది వేరే సంగతి. ఇక రెండవది: ఏజెంటు యజమానికి అన్నీ విప్పి చెప్పి ఒప్పించకుండా తనకోసం తానే బేరం చేసుకుంటే, అందులో దాచినది ఏదైనా ఉన్నా, యజమానికి నష్టం జరిగినా, ఆ బేరాన్ని యజమాని తోసిపుచ్చవచ్చునని 215వ సెక్షన్ చెబుతుంది. ఏజెంటుకు మిగిలిన లాభాన్ని రాబట్టుకునే హక్కు కూడా 216వ సెక్షన్ యజమానికి ఇచ్చింది. కొనుగోలుదారుగా భార్య పేరు పెట్టినంత మాత్రాన కోర్టు కళ్లు మూసుకోదు. బావగారు అందుబాటులో ఉంటే ఆ దస్తావేజుపై ఆయన చేతనే సంతకం చేయించండి.

ప్రశ్న (హైదరాబాద్ శివారు): 2006లో 200 గజాల ప్లాటు కొన్నాను. పూర్తి సొమ్ము ఇచ్చాను. అమ్మినవారు నా పేరున రిజిస్టర్డ్ జీపీఏ, నోటరీ చేసిన అమ్మకపు అగ్రిమెంటు రాసి ఇచ్చి స్థలం స్వాధీనం చేశారు. జీపీఏలో ఇది రద్దుకు వీలులేనిదని రాసి ఉంది. ప్రహరీ కట్టుకున్నాను. ఆయన 2019లో చనిపోయారు. ఇప్పుడు సేల్ డీడ్ చేయించుకుందామంటే ఆయన కొడుకులు, "ఆ పవర్ మా నాన్నతోనే పోయింది, స్థలం మాది" అంటున్నారు. నిజమేనా?

జవాబు: వారి మాటలో మొదటి సగం చాలావరకు నిజం. రెండవ సగాన్ని మీరు ఎదుర్కోవచ్చు, కాని ఆలస్యం చేయకుండా.

రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికో, రిజిస్ట్రేషన్‌కు వీలులేని స్థలాలను చేతులు మార్చడానికో జీపీఏను, అగ్రిమెంటును కలిపి అమ్మకంలా వాడుకునే అలవాటు మన నగరాల చుట్టూ దశాబ్దాల పాటు సాగింది. దీని మీద సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో తీర్పు ఇచ్చింది. రిజిస్టరైన విక్రయ దస్తావేజు ద్వారా తప్ప స్థిరాస్తి హక్కు చేతులు మారదనీ, అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా మూడూ కలిపినా అమ్మకం కాదనీ ఆ తీర్పు సారం. ఇది కొత్తగా కనిపెట్టిన సూత్రం కాదు. అమ్మకపు ఒప్పందం దానంతట అది ఆస్తిలో ఏ హక్కునూ కల్పించదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్‌లో 1882 నుంచీ ఉంది. తన భార్యకో, కొడుకుకో, తోబుట్టువులకో నిజంగా పని చేసిపెట్టడానికి ఇచ్చిన పవర్‌కు గాని, బిల్డరుతో చేసుకున్న డెవలప్‌మెంట్ ఒప్పందానికి గాని ఈ తీర్పు అడ్డురాదని కూడా కోర్టు అప్పుడే స్పష్టం చేసింది. ఈ రెండో మాట తెలియక, జీపీఏ అనగానే చెల్లదని భయపడేవారు ఇప్పటికీ కనిపిస్తారు.

యజమాని చనిపోతే ఏజెంటు అధికారం ముగుస్తుందన్నది 201వ సెక్షన్. దీనికి 202వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. అప్పగించిన ఆస్తిలో ఏజెంటుకు సొంత ప్రయోజనం ఉన్నప్పుడు యజమాని చనిపోయినా, మతి తప్పినా ఆ అధికారం ముగియదు. చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణ చూడండి: ఒకరు తన భూమిని అమ్మి, వచ్చిన సొమ్ములోంచి బాకీ తీసుకొమ్మని తనకు అప్పు ఇచ్చినవారికి పవర్ రాసి ఇస్తే, దానిని ఆయన వెనక్కి తీసుకోలేరు, ఆయన మరణంతోనూ అది పోదు. పూర్తి సొమ్ము ఇచ్చాను కాబట్టి నాదీ అలాంటి పవరేనని మీరు వాదించవచ్చు. అయితే 2025లో అనంతమూర్తి వర్సెస్ మంజుల కేసులో సుప్రీంకోర్టు ముందుకు దాదాపు ఇదే కథ వచ్చింది. బెంగళూరు స్థలం ఒకదానికి 1986లో యజమాని రద్దుకు వీలులేని జీపీఏ, రిజిస్టరు కాని అగ్రిమెంటు రాసి ఇచ్చారు. ఆయన 1997లో చనిపోయారు. ఆ తరువాత ఏడాది ఏజెంటు అదే జీపీఏతో స్థలాన్ని తన కుమారునికి అమ్మారు. "రద్దుకు వీలులేనిది" అని పేరు పెట్టినంత మాత్రాన జీపీఏ అలాంటిది కాదనీ, పత్రంలోని మాటలను బట్టి ఏజెంటుకు ఆస్తిలో ప్రయోజనం ఉందో లేదో చూడాలనీ చెప్పి, యజమాని మరణంతోనే ఆ అధికారం ముగిసిందని కోర్టు తేల్చింది. కనుక ఇప్పుడు ఆ జీపీఏను చేతపట్టుకొని మీకు మీరే, లేదా మీ పిల్లల పేరున సేల్ డీడ్ రాసుకునే సాహసం చేయవద్దు. ఆ సలహా ఇచ్చే డాక్యుమెంట్ రైటర్లు దొరుకుతారు. కేసు వచ్చిననాడు మాత్రం వారు మీ పక్కన నిలబడరు.

మీ చేతిలో మిగిలిన అసలు ఆయుధం అగ్రిమెంటు. అమ్మినవారు చనిపోయినా ఆయన చేసుకున్న ఒప్పందం వారసులను కట్టడి చేస్తుంది. దానిని అమలు చేయించమని దావా వేయవచ్చు. గడువు మూడేళ్లు. ఒప్పందంలో తేదీ పెట్టి ఉంటే ఆ తేదీ నుంచి, పెట్టకపోతే ఎదుటివారు నిరాకరించారని మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. కొడుకులు కాదన్నది ఇటీవలే అయితే మీకు సమయం ఉంది. కాని అగ్రిమెంటులో "ఆరు నెలల్లో రిజిస్ట్రేషన్" వంటి మాట ఉందేమో ఈరోజే చదివి చూసుకోండి, అది ఉంటే కథ మారిపోతుంది. స్వాధీనంలో ఉన్నాను కదా అన్న ధీమా కూడా పూర్తిగా పనికిరాదు. ఒప్పందం ప్రకారం స్వాధీనం పొందినవారికి ఆస్తి బదిలీ చట్టం 53ఎ సెక్షన్ ఇచ్చే రక్షణ, 2001 సెప్టెంబరు 24 తరువాత రాసిన అగ్రిమెంట్లకు రిజిస్టరై ఉంటేనే దక్కుతుంది. మీది నోటరీ అగ్రిమెంటు.

ఇంకొక చిక్కు మన రెండు రాష్ట్రాలకు ప్రత్యేకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి నుంచి మన స్టాంపు షెడ్యూలులో, స్వాధీనం ఇచ్చినట్టు రాసిన అగ్రిమెంటును అమ్మకంగానే భావించి అమ్మకానికి తగిన డ్యూటీ అడుగుతారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసిన మీ అగ్రిమెంటును కోర్టులో పెట్టిన రోజున, తక్కువ పడిన డ్యూటీ, దాని మీద పదింతల వరకు జరిమానా కడితే గాని దానిని సాక్ష్యంగా తీసుకోరు. కేసు ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు దీనిని మరవకండి.

అందుకే ముందు రాజీ ప్రయత్నించండి. వారసులు ఒప్పుకుంటే అందరూ కలిసి మీకు నేరుగా సేల్ డీడ్ రాసి ఇవ్వవచ్చు. కొంత సొమ్ము ఎదురు ఇవ్వవలసి వచ్చినా దావా కన్నా అది చౌక. అయితే కొడుకుల సంతకాలతోనే సరిపెట్టుకోవద్దు. అమ్మినవారి భార్య, కూతుళ్లు కూడా వారసులే, వారిలో ఒక్కరి సంతకం లేకపోయినా మరో పదేళ్ల తరువాత ఇదే ప్రశ్న మీ పిల్లలు మాకు రాయవలసి వస్తుంది. రాజీ కుదరకపోతే వెంటనే లాయరు నోటీసు ఇప్పించి దావా వేయండి.

ప్రశ్న (రాజమహేంద్రవరం): మా అమ్మగారు మూడేళ్ల క్రితం నాకు రిజిస్టర్డ్ జీపీఏ ఇచ్చారు. ఏడాదిగా ఆవిడకు మతిమరుపు జబ్బు ముదిరి మమ్మల్నే గుర్తుపట్టడం లేదు. బ్యాంకువారు జీపీఏ ఇక చెల్లదంటున్నారు. ఇలాంటి రోజు వస్తుందనే కదా రాయించుకున్నది? అమెరికాలో ఉన్న మా తమ్ముడు అక్కడి పవర్‌లు ఇలాంటప్పుడే పనికివస్తాయంటున్నాడు.

జవాబు: మీ బాధ అర్థమవుతోంది, కాని బ్యాంకువారు చెప్పినది సరైనదే. మీ తమ్ముడు చెప్పినదీ అబద్ధం కాదు. అమెరికా రాష్ట్రాల్లో డ్యూరబుల్ పవర్ అనీ, ఇంగ్లండులో లాస్టింగ్ పవర్ అనీ, ఇచ్చినవారి మతి పోయినా నిలిచి ఉండే అధికార పత్రాలు ఉన్నాయి. మన చట్టంలో అటువంటిది లేదు. యజమాని చనిపోయినప్పటిలాగే, స్థిరచిత్తం కోల్పోయినప్పుడు కూడా ఏజెంటు అధికారం ముగుస్తుందని 201వ సెక్షన్ చెబుతోంది. "నా ఆరోగ్యం ఎలా ఉన్నా ఇది చెల్లుతుంది" అని పత్రంలో రాసుకున్నా సెక్షన్ మారదు. మనిషికి ఏజెంటు ఎంతో అవసరమైన రోజునే ఏజెంటు చేయి తీసేసే ఈ సూత్రం 1872 నాటిది. మనుషులు తొంభై ఏళ్లు బతుకుతున్న ఈ కాలానికి అది తగదని నా అభిప్రాయం. పార్లమెంటు దీనిని మార్చేదాకా మనం దానిలోనే దారి వెతుక్కోవాలి.

శరీరం సహకరించకపోవడమూ, మతి సహకరించకపోవడమూ చట్టం దృష్టిలో వేరు. పక్షవాతం వచ్చి సంతకం చేయలేకపోయినా మాట అర్థమయ్యే ఖాతాదారు అయితే, ఇద్దరు సాక్షుల ఎదుట, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండగా, వేలిముద్రతో డబ్బు తీసుకునే వీలును రిజర్వు బ్యాంకు నిబంధనలు కల్పించాయి. మీ అమ్మగారిది ఆ పరిస్థితి కాదు. వ్యాధి తొలి దశలో ఉన్నవారి విషయంలో మాత్రం ఒక అవకాశం ఉంటుంది. మామూలుగా మతి నిలకడ లేనివారు కూడా తెలివిగా ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చునని కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. అటువంటివారు ఇంట్లో ఉన్న పాఠకులు, వైద్యుని ధ్రువపత్రం దగ్గర పెట్టుకొని, ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపే జాయింటు ఖాతాగా మార్చుకోవడం వంటి పనులు ఇప్పుడే పూర్తి చేసుకోవాలి.

ఇప్పుడు మీకు ఉన్న దారి కోర్టు ద్వారా సంరక్షకునిగా నియమింపబడటం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్‌లో పరిమిత సంరక్షకుని నియామకానికి వీలుంది. కోమాలోనో, ఇలాంటి స్థితిలోనో ఉన్నవారి ఆస్తుల విషయంలో రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులు కూడా సంరక్షకులను నియమిస్తున్నాయి. కేరళ హైకోర్టు 2019లో శోభా గోపాలకృష్ణన్ కేసులో ఇందుకు మార్గదర్శకాలు కూడా రూపొందించింది. వైద్యుల నివేదిక, ఆస్తుల జాబితా, మీ తమ్ముని అంగీకార పత్రం ముందే సిద్ధం చేసుకుంటే పని తేలికవుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో నామినేటెడ్ ప్రతినిధి అనే మాట ఉంది కదా అని కొందరు అడుగుతున్నారు. ఆ ప్రతినిధికి చికిత్స విషయాల్లోనే అధికారం. ఇల్లు అమ్మడానికో, డిపాజిట్లు తీయడానికో అది చాలదు.

అమ్మగారి స్థితి ఇలా మారిన తరువాత పాత జీపీఏతో ఏ ఆస్తీ అమ్మకండి. సదుద్దేశంతో చేసినా రేపు అదే మీ మీద కేసు అవుతుంది. ఆవిడ ఆస్తికి నష్టం రాకుండా కాపాడే పనులు, అంటే పన్ను కట్టడం, ఆక్రమణ జరగకుండా చూడటం వంటివి చేయవలసిన బాధ్యతను 209వ సెక్షన్ మీ మీదే ఉంచింది.

ప్రశ్న (వరంగల్): మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. అతని ప్లాటు మీద ఇక్కడి సివిల్ కోర్టులో దావా నడుస్తోంది. నాకు జీపీఏ ఇచ్చాడు. నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి, కేసు వివరాలన్నీ నాకు తెలుసు. అబ్బాయి బదులు నేనే సాక్ష్యం చెప్పి, నేనే వాదించుకోవచ్చా?

జవాబు: కోర్టులో ఒకరి తరఫున నిలబడటం మూడు రకాలు. మొదటిది హాజరు కావడం, పత్రాలు దాఖలు చేయడం. దీనికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 3వ ఆర్డరు మీ జీపీఏను అంగీకరిస్తుంది. రెండవది సాక్ష్యం. జానకీ వాష్‌దేవ్ భోజ్వానీ కేసులో సుప్రీంకోర్టు 2004లో చెప్పినదాని ప్రకారం, ఏజెంటు తాను చేసిన పనుల గురించి సాక్ష్యం ఇవ్వవచ్చు గాని, యజమానికి మాత్రమే తెలిసిన విషయాలను యజమాని బదులు చెప్పలేడు. ఆ కేసులో కక్షిదారుల తరఫున వారిలో ఒకరి భర్త బోనెక్కి, వారి సొంత సంపాదనతో ఆస్తి కొన్నారని చెప్పబోతే కోర్టు ఒప్పుకోలేదు. ప్లాటు బేరం మీరే చేసి, సొమ్ము మీ చేతుల మీదుగా ఇచ్చి ఉంటే మీ సాక్ష్యానికి బలం ఉంటుంది. అబ్బాయి సెలవులో వచ్చి తానే కొనుక్కొని ఉంటే అతనే చెప్పాలి. అందుకోసం అతను విమానం ఎక్కనక్కర లేదు, కోర్టు అనుమతితో వీడియో ద్వారా సాక్ష్యం ఇవ్వవచ్చు.

మూడవది వాదించడం. జీపీఏ మిమ్మల్ని న్యాయవాదిని చేయదు. కువైట్‌లో ఉన్న దంపతుల తరఫున పవర్ పట్టుకొని తిరువనంతపురం సెషన్స్ కోర్టులో తానే వాదిస్తానన్న వ్యక్తికి సుప్రీంకోర్టు 1999లో టి.సి. మథాయ్ కేసులో ఇదే చెప్పింది. అడ్వకేటు కాని వ్యక్తిని ఒక కేసులో అనుమతించే విచక్షణ అడ్వకేట్స్ చట్టం 32వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. అది కోర్టు ఇష్టం, మీ హక్కు కాదు. మీ అబ్బాయి తన కేసును తానే వాదించుకోవచ్చు, ఆ హక్కును మాత్రం మీకు బదిలీ చేయలేడు. మీరు జీపీఏ హోదాలో ఒక న్యాయవాదికి వకాల్తా ఇవ్వండి. మీకు తెలిసిన వివరాలన్నీ ఆయనకు రాసి ఇస్తే అంతకన్నా మంచి సహాయం ఉండదు.

ఇదే సందర్భంలో పరస్పర అంగీకార విడాకుల గురించి విదేశాల్లోని పాఠకులు ఇద్దరు అడిగారు. తగిన కారణం ఉండి రాలేని పక్షంలో వీడియో ద్వారా గాని, తల్లిదండ్రులో తోబుట్టువులో అయిన దగ్గరివారి ద్వారా గాని హాజరుకు కోర్టు అనుమతించవచ్చునని సుప్రీంకోర్టు 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో చెప్పింది.

ప్రశ్న (కడప): లాయరును మార్చుకుందామంటే, ఫీజు బాకీ తీర్చేదాకా కేసు కట్ట ఇవ్వనంటున్నారు. నన్ను అడగకుండానే ఎదుటివారితో రాజీకి ఒప్పుకుంటారేమోనని భయంగా ఉంది.

జవాబు: కట్ట ఆపుకునే హక్కు ఆయనకు లేదు. ఫీజు బాకీ ఉంటే దానికోసం ఆయన విడిగా దావా వేసుకోవచ్చు గాని, కక్షిదారు కాగితాలను తాకట్టుగా ఉంచుకోరాదని సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చి చెప్పింది. బాకీ నిజమే అయితే తీర్చడం ధర్మం, అది వేరే మాట. వకాల్తా కూడా ఒక రకం పవరే, కాకపోతే కోర్టు అనుమతితో రాతపూర్వకంగా రద్దు చేసుకునేదాకా అది నడుస్తూనే ఉంటుంది. పాత లాయరు అభ్యంతరం లేదని సంతకం చేసి ఇస్తే కొత్త వకాల్తా సులభంగా పడుతుంది. ఇవ్వకపోతే కోర్టునే అనుమతి అడగండి. రాజీ సంగతికి వస్తే, కక్షిదారు హక్కును వదులుకునే ఏ ఒప్పందానికైనా న్యాయవాది ముందుగా కక్షిదారు నుంచి స్పష్టమైన అనుమతి తీసుకోవాలని 2015లో హిమాలయన్ సహకార గృహనిర్మాణ సంఘం కేసులో కోర్టు చెప్పింది. వకాల్తా అచ్చు కాగితంలో రాజీ అధికారం కూడా రాసి ఉంటుంది, చదవకుండా సంతకం చేసేది మనమే. కొత్త వకాల్తాలో ఆ వాక్యం మీకు ఇష్టం లేకపోతే కొట్టివేయించండి. మీరు మహిళనని ఉత్తరంలో రాశారు కనుక 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని సంప్రదించండి.

ప్రశ్న (గుంటూరు): పరిచయస్తునికి ఇచ్చిన జీపీఏను రద్దు చేయాలి. ఈమధ్య అతను ఫోను కూడా ఎత్తడం లేదు. ఎలా చేయాలి?

జవాబు: అతని నుంచి సొమ్ము తీసుకోకుండా, మీ పని చేసిపెట్టడానికే ఇచ్చిన పవరైతే అతని అంగీకారంతో పనిలేదు. బిల్డరుకు డెవలప్‌మెంట్ ఒప్పందంతో కలిపి ఇచ్చినది అయితే ఇంత తేలిక కాదు, అప్పుడు ముందు న్యాయవాదికి పత్రాలు చూపించండి.

రిజిస్టరైన జీపీఏను రిజిస్టరైన రద్దు పత్రంతోనే రద్దు చేయండి. అక్కడితో పని పూర్తయిందని చాలామంది పొరపడతారు. రద్దు సంగతి ఏజెంటుకు తెలిసేదాకా అతని విషయంలోనూ, బయటివారికి తెలిసేదాకా వారి విషయంలోనూ అధికారం ముగిసినట్టు కాదని 208వ సెక్షన్ చెబుతోంది. అంటే మీరు రద్దు చేశారని తెలియక ఒకరు అతని దగ్గర మీ స్థలం కొంటే ఆ అమ్మకానికి మీరే కట్టుబడవలసి రావచ్చు. కొనేవారు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీసి చూస్తారు కదా అనుకోవద్దు. పవర్ పత్రాలూ, వాటి రద్దులూ సాధారణంగా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులోని 4వ పుస్తకంలో చేరతాయి. ఆ పుస్తకం అందరూ చూడగలిగేది కాదు, ఆస్తి లావాదేవీల ఈసీలో అది కనబడదు.

అందువల్ల అతనికి రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, కవరు తిరిగి వచ్చినా దానిని విప్పకుండా దాచుకోండి. స్థలం ఏ సబ్‌రిజిస్ట్రారు పరిధిలో ఉందో ఆ ఆఫీసుకు రద్దు పత్రం నకలుతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ ప్రాంతంలో చదివే తెలుగు దినపత్రికలో ప్రకటన వేయించండి. స్థలంలో బోర్డు పెట్టించడం చట్టం అడిగినది కాదు గాని, కొనడానికి వచ్చినవారి కంట ముందు పడేది అదే. ఇప్పటికే జరిగిపోయిన లావాదేవీలను రద్దు పత్రం వెనక్కి తిప్పలేదు (204వ సెక్షన్), కాబట్టి ముందుగా ఈరోజు తేదీ వరకు ఆ స్థలానికి ఈసీ తీయించండి. అందులో కొత్త అమ్మకం ఏదీ లేకపోతే, నోటీసులోనే అసలు పత్రం తిరిగి ఇమ్మనీ, ఇంతవరకు మీ తరఫున వసూలు చేసిన సొమ్ముకు 213వ సెక్షన్ కింద లెక్క చెప్పమనీ అడగండి. అమ్మకం కనిపిస్తే మాత్రం నోటీసు మీరే రాయకుండా, ఆ దస్తావేజు నకలు తీసుకొని అదే రోజు న్యాయవాదిని కలవండి.